నేను పాకాల గొంగడిని

నాది అద్దకం నలుపు కాదు. దక్కని గొర్రె ఒంటిమీద ఏ రంగులో ఉన్నానో ఈరోజుకీ అదే రంగు. నర్సంపేట దాటి పాకాల వైపు పోయే దారిలో ఒక కురుమ ఇంట్లో పుట్టాను. గొర్రెల ఉన్ని కత్తిరించి, కడిగి, ఎండబెట్టి, విల్లుతో ఏకి ఇస్తే ఆ ఇంటి అవ్వ రాట్నం మీద వడికింది. గుంట మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టించారు. నా బిరుసంతా ఆ గంజిదే. ఆ బిరుసుకు ఉన్నిలోని సహజమైన జిడ్డు తోడై చినుకును లోపలికి దిగనివ్వదు. రోజంతా ముసురు పడితే నేనూ తడుస్తాను, బరువెక్కుతాను. కానీ తడిసినా నా లోపలి మనిషికి వెచ్చదనం అంతగా తగ్గదు. ప్లాస్టిక్ కవరు కప్పుకున్నవాళ్లకు ఆ సుఖం తెలియదు.

మా పెద్దాయనకు అడవిలో పరుపును నేనే, దుప్పటిని నేనే. ఐనవోలు మల్లన్న జాతరకు ఆయన భుజం మీదే పోయాను. మోకాళ్ల నొప్పులు ముదిరాక ఆయన మందను అమ్మేశాడు. కానీ కాళ్లకు వాగు దారి అలవాటు పోలేదు. ఇప్పుడు ఒక్కడే పోతాడు, చేతిలో కర్ర, భుజం మీద నేను.

పాకాల చెరువును కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టారు. అక్కణ్ణుంచి సాగే వాగు గూడూరు వైపు పోయి, మున్నేరై ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తుంది. ఒక ఆషాఢంలో మేం ఆ వాగుకు పోయిన రోజు పొద్దున ఎండ బాగానే కాసింది. మద్దిచెట్ల నీడన వాగు నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ఇసుక కనిపిస్తోంది. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీళ్లలోకి దూకి చిన్న చేపతో లేచింది. పెద్దాయన దాన్ని చూస్తూ రాయి మీద కూర్చున్నాడు. మంద ఉన్న రోజుల్లో ఆయన అంత తీరిగ్గా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఏ గొర్రె ఎటు పోయిందోనని కళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి.

చల్లగాలి మొదలైంది. గుట్టల మీద ఆకాశం నల్లబడింది, ఉరుము ఒకటి దగ్గర్లోనే ఉరిమింది. కానీ ఆయన పైకి చూడలేదు, వాగులోకే చూశాడు. ముందు ఎండుటాకులు కొట్టుకొచ్చాయి, వెనక పుల్లలు, నురగ. చూస్తుండగానే తేట నీళ్లు ఎర్రబడ్డాయి. మా మీద ఇంకా చుక్క పడలేదు. అడవి లోపల మాత్రం అప్పటికే గట్టిగా కురిసి, ఒర్రెలన్నీ వాగులో పడుతున్నాయి. వాగు పొంగాలంటే మనం నిలబడ్డచోట వాన పడనక్కర్లేదు.

వెంటనే లేచి ఒడ్డు వదిలి మిట్టకు నడిచాడు. నన్ను భుజం మీంచి తీసి, ఒక కొస మడిచి కొప్పెర చేసి తల మీద వేసుకున్నాడు. దారిలో పెద్ద మద్దిచెట్టు పిలుస్తున్నట్టే ఉంది, దాని కిందికి పోలేదు. పిడుగు ఎత్తైన చెట్టునే చూసుకుంటుందని కాపరులకు ఎవరూ నేర్పక్కర్లేదు. పొదల మధ్య పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చున్నాడు. గాలి నన్ను లాగేస్తుంటే రెండు చేతులతో అంచులు బిగబట్టాడు. వాన నా వీపు మీద బాదింది. లోపల ఆయన ఊపిరి వెచ్చగా తగిలింది.

జేబులో ఫోను మోగింది. మనవరాలు.

“ఏడున్నవ్ తాతా?”

“వాగుకాడ బిడ్డా. గొంగడుంది గద, నాకేం గాదు. ఒర్రె దాటను, నీళ్లు తగ్గినంకనే వస్త.”

అన్నట్టే ఆగాడు. వచ్చేటప్పుడు పాదాలు మునిగేంత నీళ్లున్న ఒర్రె ఇప్పుడు నడుము లోతున దూకుతోంది. అది తగ్గేసరికి పొద్దుగూకింది.

ఈ మధ్య వానల తీరు మారింది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే వాన 64 సెంటీమీటర్లు దాటింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి. మర్నాడు మున్నేరు ఖమ్మం ఇళ్లలోకి వచ్చింది. అలాంటి వానకు నేను చాలను. దాన్ని ముందుగా పసిగట్టే కన్ను కావాలి. ఆ కన్ను మంద వెంట తిరిగినవాళ్లకే అబ్బుతుంది. మందలు పోతే ఆ కన్నూ పోతుందని నాకు దిగులు. నా గతి ఇంకో దిగులు. మాంసం ఎక్కువని నెల్లూరు గొర్రెలు వచ్చాయి, వాటికి ఉన్ని లేదు. నల్లగొర్రె తగ్గింది, ఉన్నికి ధర లేదు, మగ్గం గుంటలు పూడుతున్నాయి. మా అవ్వ రాట్నం అటకెక్కింది.

వానాకాలంలో పాకాల చూడ్డానికి తప్పక రండి. ఒర్రె ఎర్రబడితే మాత్రం దాటకండి. దారిలో ఏ కురుమ ఇంటనైనా మగ్గం ఆడుతుంటే ఆగి, నేసిన చేతి నుంచే ఒక గొంగడి కొనుక్కోండి. బేరం ఆడకండి, దాని వెనక ఇంటిల్లిపాది రోజుల తరబడి కష్టం ఉంది.