భిన్నత్వంలో వెలివాడ

విద్యార్థుల కుల, మత, భాషా భేదాలు వివక్షగా మారకుండా చూసే ‘సమాన అవకాశాల విభాగం’ ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఉండితీరాలని యూజీసీ 2012లో నిబంధన పెట్టింది గనుక, భిన్నత్వాన్ని గౌరవించే పని కాగితం మీద ఆనాడే పూర్తయింది.

నాలుగేళ్లు తిరక్కముందే, ఐటీ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో ఉన్న గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయం అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపగా, వారు క్యాంపస్ దుకాణాల దగ్గర అంబేడ్కర్ ఫ్లెక్సీల నడుమ గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు; వైవిధ్యానికి ప్రత్యేక స్థలం చూపించిన ఘనత (ఔరా!) ఆ విధంగా విశ్వవిద్యాలయానికి దక్కింది.

2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాక, వెలి ఎందుకు వేశారన్న ప్రశ్న మూలనపడి, వెలి పడినవాడి కులమేమిటన్న పరిశోధన ఊపందుకుంది. విద్యార్థి పీహెచ్‌డీ మధ్యలోనే ఆగిపోయింది గానీ, అతడి కులం మీద పోలీసుల సిద్ధాంత గ్రంథం మాత్రం ఎనిమిదేళ్లకు పూర్తయి, అతడు ఎస్సీ కాదని 2024లో తేల్చింది.

తల్లి అభ్యంతరం చెప్పడంతో, మళ్లీ దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించారు.