రెజ్యూమ్ అన్న

మేడ్చల్ రోడ్డు మీద ఓ జిరాక్స్ షాపుంది. బోర్డు నిండా లామినేషన్, పాన్ కార్డు, పాస్‌పోర్ట్ ఫొటోలు, కరెంటు బిల్లులు. వీటన్నిటి కింద, పెయింటరుకు చోటు చాలక ఇరికించిన చివరి లైను: 'రెజ్యూమ్ కొట్టబడును'. అన్నకు పేరు తెచ్చింది ఆ లైనే.

2017 జులైలో జీఎస్టీ వచ్చింది. పన్ను కోసం రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకోవాల్సిన పని తప్పి, కంపెనీలు పెద్ద పెద్ద షెడ్ల వైపు తిరిగాయి. గుండ్లపోచంపల్లి నుంచి మేడ్చల్ దాకా ఇప్పుడు ఎటు చూసినా రేకుల షెడ్లే. గోదాము వేర్‌హౌస్ అయింది, హమాలీ అసోసియేట్ అయ్యాడు. డబ్బాలు మోయడానికీ రెజ్యూమ్ అడుగుతున్నారు. అన్న దగ్గర ఎప్పుడు చూసినా నలుగురు నిలబడే ఉంటారు.

అన్న కంప్యూటర్లో రెజ్యూమ్ ఫైలు ఒక్కటే. దాని పేరు 'ఫైనల్ న్యూ 2 కాపీ'. మొదట ఎవరి కోసం కొట్టాడో ఆయనకే గుర్తు లేదు. ఆ మహానుభావుడికి మాత్రం పెళ్లయింది. అప్పట్నుంచీ అన్న చేతి మీదుగా వెళ్లిన ప్రతి కుర్రాడూ కాగితం మీద సంసారే. అందరి ఆశయమూ సవాళ్లున్న సంస్థలో చేరి సంస్థతోపాటు ఎదగడం. అందరి బలమూ హార్డ్ వర్కే. అందరూ తీరిక వేళల్లో క్రికెట్ ఆడతారు, పాటలు వింటారు. పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడికి తీరిక ఎక్కడిదని అన్నను ఎవరూ అడగలేదు.

మొన్న నేను ఆధార్ జిరాక్స్‌కు వెళ్లినప్పుడు మహబూబ్‌నగర్ వైపు పిల్లాడొకడు వంతు కోసం నిలబడి ఉన్నాడు.

"ఇంతకుముందు ఏం జేసినవ్ తమ్మీ?"

"మందుల గోదాంల రెండేండ్లు అన్నా. డబ్బాలు దించుడు, ఎక్కించుడు."

'ఇన్‌వర్డ్ అండ్ ఔట్‌వర్డ్ ఆపరేషన్స్' అని టకటకా పడింది.

"డేటు దగ్గరపడ్డ మందులు ముందుగాల పంపేటోణ్ణి. రెండేండ్లల్ల ఒక్క డబ్బ వాపస్ రాలే."

అన్న వేళ్లు ఆగాల్సింది ఇక్కడ. ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలన్న లెక్కకు వేర్‌హౌస్ వాళ్లు 'ఫెఫో' అని పేరు పెట్టుకున్నారు. మందుల గోదాముకు ప్రాణం అదే. అన్న మాత్రం 'గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అని కొట్టి ముందుకు పోయాడు.

"ఫోర్క్‌లిఫ్ట్ తోలుతవా?"

"హ్యాండ్ పాలెట్ గుంజుత అన్నా. ఫోర్క్‌లిఫ్ట్ పక్కన నిలబడి చూసిన, అంతే."

'ఫోర్క్‌లిఫ్ట్ నాలెడ్జ్'.

నేను ఉండబట్టలేక, "రేపు ఎక్కి తోలమంటేనో?" అన్నాను.

"నాలెడ్జ్ అన్న సార్. డ్రైవింగ్ అనలే గద!"

ఈయన వకీలు కావలసినవాడు.

"ఇంటర్?"

"రెండు సబ్జెక్టులు పోయినయ్. మూడేండ్లాయె."

'ఇంటర్మీడియట్, పర్సూయింగ్'. చదువుకు వయసేంటని పైగా మాకే ఓ మాట.

అయితే అన్నను పూర్తిగా తిట్టలేను. రెజ్యూమ్‌కు ముప్ఫై రూపాయలు. చేతిలో లేనివాడికి "జీతం పడ్డంక ఇయ్యి". ఈమెయిల్ లేనివాడికి తానే తెరిచి, పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసి జేబులో పెడతాడు. ఆ పిల్లాడికీ చెప్పాడు: "పొద్దుగాల ఎనిమిదింటికల్ల గేటు కాడ ఉండు. బూట్లు ఏస్కపో. చెప్పులతోని పోతే లోపలికి రానియ్యరు." ఆ పూట షాపులో పనికొచ్చిన మాట అదే. అది రెజ్యూమ్‌లో ఎక్కదు.

మందుల గోదాము, రెండేళ్లు, డేట్ల ప్రకారం పంపకం, హ్యాండ్ పాలెట్, నైట్ షిఫ్టుకు సిద్ధం అని నేను పట్టుబట్టి ఒక్క లైను కొట్టించాను. "గిట్ల రాస్తే హమాలీ లెక్క కొడ్తది సార్" అని సణుక్కుంటూ, తీసుకెళ్లి క్రికెట్ కింద పెట్టాడు.

ఆ షెడ్లలో ఉద్యోగాలిచ్చే పెద్దలకు ఓ మనవి. అన్న కొట్టిన రెజ్యూమ్ మీ బల్ల మీదికి వస్తే కింది నుంచి పైకి చదవండి. పెళ్లి సంగతి మాత్రం నమ్మకండి.