గీతలు నిండాలి, నెట్టు నిండుకోవాలి: హాస్టల్ వైఫై ఇన్‌చార్జికి చిట్కాలు

తమ్ముడూ, ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ప్రశాంతంగా సోల్డరింగ్ చేసుకుంటున్న నిన్ను పిలిచి, "కంప్యూటర్లు తెలిసినవాడివి కదా, బాయ్స్ హాస్టల్ వైఫై కూడా నువ్వే చూసుకో" అన్నారట. జీతం మాత్రం పెంచలేదట. కంగారు పడకు. ఆ కుర్చీలో నేను ఆరేళ్లు కూర్చున్నాను. నాలుగు అంతస్తులు, సీలింగుకు బిగించిన నలభై యాక్సెస్ పాయింట్లు, అంటే తెల్ల డబ్బాలు, ఆరు వందల మంది పిల్లలు. ఆరేళ్లలో వైఫై ఒక్క సాయంత్రం కూడా సరిగ్గా రాలేదు. నాకు ఒక్క మెమో కూడా రాలేదు. ఆ విద్య నాతోనే పోకూడదని రాసిస్తున్నాను.

ముందు ఒక రహస్యం. ఫోను మీద కనిపించే గీతలు డబ్బా గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే చెబుతాయి. నెట్ ఎంత వస్తోందో చెప్పవు. ఈ తేడా వార్డెన్‌గారికి తెలియదు, ప్రిన్సిపాల్‌గారికి తెలియదు, కరస్పాండెంట్‌గారికి అసలే తెలియదు. నీ ఉద్యోగం ఆ తేడా మీదే నిలబడి ఉంది. ఇక మొదలుపెట్టు.

1. పవర్ ఆఖరిదాకా పెంచు.

డబ్బాలన్నిటినీ నడిపే కంట్రోలర్‌లోకి లాగిన్ కాగానే ట్రాన్స్‌మిట్ పవర్ ఎక్కడుందో చూడు. ఆటో, లో, మీడియం, హై అని ఉంటాయి. ఆటో జోలికి వెళ్లకు. పని అదే చేసుకుంటే ఇక నువ్వెందుకని ఎవరైనా అడుగుతారు. నలభై డబ్బాలకీ హై పెట్టు. సైకిల్ స్టాండులో నిలబడినా గీతలు నిండుగా కనిపిస్తాయి. వార్డెన్‌గారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి ఫోను చూపించు. ఈ జన్మకి ఆయన నిన్ను అనుమానించరు.

అసలు లాభం దీని వెనకుంది. వైఫైలో ఇద్దరూ మాట్లాడాలి, ఇద్దరూ వినాలి. డబ్బా 23 డీబీఎంతో, అంటే 200 మిల్లీవాట్లతో అరుస్తుంది. జేబులోని ఫోను బ్యాటరీ కాపాడుకోవాలి కాబట్టి అందులో పావు వంతుతో జవాబిస్తే గొప్ప. దూరంగా ఉన్న పిల్లాడికి డబ్బా మాట వినిపిస్తుంది, వాడి మాట డబ్బాకి వినిపించదు. అచ్చం మన స్టాఫ్ మీటింగు.

ఇంకోటి. ఏ డబ్బాను పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. మెస్సులో ఇడ్లీ తింటూ అక్కడి డబ్బాను పట్టుకున్న ఫోను, మూడో అంతస్తు గదికి చేరినా ఆ గొంతు ఇంకా వినిపిస్తోంది కాబట్టి వదలదు. నెత్తిమీది డబ్బా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. పిల్లాడు వచ్చి "అన్నా, సిగ్నల్ ఫుల్లుంది, నెట్ తిరుగుతోంది" అంటాడు. "ఫోను పాతదైపోయింది, మార్చు" అను. నాన్నని సతాయించి కొత్తది కొంటాడు. మళ్లీ వస్తాడు. "కొత్త మోడల్ కదా, ఇంకా అప్‌డేట్ రావాలి" అను.

ఎప్పుడో ఒక సెకండియర్ కుర్రాడు తయారవుతాడు. "పవర్ తగ్గించండన్నా, బాగుపడుతుంది. 3 డీబీ తగ్గిస్తే సగమవుతుంది" అని లెక్కతో సహా చెబుతాడు. వాడు చెప్పింది నిజమే. అందుకే వాడి అటెండెన్స్ ఎంతుందో కనుక్కో.

2. ఛానళ్లన్నీ వాడు, అన్యాయం చేయకు.

2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మన దేశంలో 13 ఛానళ్లున్నాయి. పిరికివాళ్లు 1, 6, 11 తప్ప ముట్టుకోరు. ఛానళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, ఒక్కో డబ్బాకు 20 కావాలి, కాబట్టి ఒకదాని కాలు ఇంకోదానికి తగలకుండా పట్టేవి ఆ మూడే అంటారు. కొనుక్కున్న పదమూడులో పది వదిలేస్తారా ఎవరైనా? నువ్వు 2, 4, 7, 9 కూడా పంచు.

పనిచేసే తీరు ఇది. ఒకే ఛానల్లో ఉన్న రెండు డబ్బాలు ఒకదాని మాట ఒకటి విని, వంతులు వేసుకుని మాట్లాడతాయి. ఒకటి 1లోనూ ఇంకోటి 3లోనూ ఉంటే మాట అర్థం కాదు, గోల మాత్రం వినిపిస్తుంది. వంతుల్లేవు. పంపిందే మళ్లీ పంపుకుంటూ రాత్రి పదకొండు దాకా కొట్టుకుంటాయి.

పైగా ఛానల్ వెడల్పు 40 పెట్టు. ఆ బ్యాండు మొత్తం కలిపితే 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ముగ్గురు పడుకునే చాప మీద ఒకడు అడ్డంగా పడుకున్నట్టుంటుంది. సెట్టింగుల పేజీలో మాత్రం 40 అనేది 20 కన్నా పెద్ద అంకె. కరస్పాండెంట్‌గారు అడిగితే "డబుల్ చేశాం సార్" అనొచ్చు.

ఫైనలియర్ పిల్లలుండే అంతస్తుకి 13 కేటాయించు. అమెరికా నుంచి బాబాయిలు తెచ్చిన ఫోన్లలో కొన్ని 12, 13 ఛానళ్లను చూడనే చూడవు. ఫిర్యాదు చేయడానికి వాళ్లకసలు వైఫై పేరే కనిపించదు. 14 కూడా ఉంటే బాగుండేది కానీ, అది జపాన్ వాళ్లకే, అదీ పాత 802.11బి పరికరాలకే అనుమతి. కంట్రీ అన్న చోట జపాన్ పెట్టొచ్చా అంటావా? చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకునే దరిద్రాలే మనకి సరిపోతాయి.

ఎవరైనా నిలదీస్తే మైక్రోవేవ్ ఓవెన్ మీదికి నెట్టు. అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతుంది కాబట్టి ఇది శుద్ధ శాస్త్రీయమైన సాకు. స్టాఫ్‌రూములో హెచ్‌ఓడీగారి పప్పన్నం వేడవుతోందని చెబితే మారుమాట్లాడే విద్యార్థిని నేను చూడలేదు.

3. 5 గిగాహెర్ట్జ్‌లో కబ్జా చెయ్.

2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. ఇరవై ఇరవై చొప్పున కోసుకుంటే డబ్బాలన్నిటికీ తగువు లేకుండా పంచొచ్చు. అలా పంచితే వైఫై నడుస్తుంది, నిన్ను మళ్లీ ల్యాబ్‌కి పంపేస్తారు. కాబట్టి వెడల్పు 160 పెట్టు. ఎనిమిది ఛానళ్లని ఒక్క డబ్బా మింగుతుంది. పక్క డబ్బా కూడా అవే ఎనిమిదీ మింగుతుంది. ఇక నోళ్లు తెరుచుకుని ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి.

ఇందులో ఇంకో మణి ఉంది. 36 నుంచి 64 దాకా పరిచావంటే, 52 పైనుంచి రాడార్లతో కలిసి కాపురం చేయాల్సిన ఛానళ్లు. అక్కడ డబ్బా నోరు తెరిచే ముందు ఒక నిమిషం చెవులు రిక్కించి వినాలి. మధ్యలో రాడార్ లాంటిదేదైనా వినబడితే మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోవాలి, అరగంట దాకా ఆ ఛానల్ మొహం చూడకూడదు. పిల్లాడి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" దగ్గర ఇది జరిగితే తెర మీద వాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే బొమ్మైపోతాడు.

వాడు ఏడుస్తూ వస్తే గొంతు తగ్గించి, "రాడార్ తమ్ముడూ. బయట చెప్పకు" అను. దేశ భద్రత అనేసరికి ఎవడూ రెండో ప్రశ్న వేయడు. మచిలీపట్నం గంట ప్రయాణమే కాబట్టి అక్కడి వాతావరణ శాఖ రాడార్ పేరు కూడా వాడుకో. అది 3 గిగాహెర్ట్జ్ లోపు పనిచేసే ఎస్ బ్యాండు యంత్రం, మన ఛానళ్లతో దానికి చుట్టరికం లేదు. నన్ను ఆరేళ్లలో ఎవరూ అడగలేదు. తుపాను రోజుల్లో ఈ సాకు మరీ బాగా నప్పుతుంది.

4. పేర్లు పెంచు.

ఒక్కో డబ్బా ఎనిమిది పేర్లతో కనిపించేలా పెట్టు. స్టూడెంట్స్, స్టాఫ్, గెస్ట్, ప్రిన్సిపాల్, ఎగ్జామ్ సెల్, లైబ్రరీ, సీసీ కెమెరా, ప్లేస్‌మెంట్స్. అడిగినవాళ్లందరికీ ఒక పేరిచ్చెయ్. పెళ్లి పత్రికలో పేరు పడినంత సంబరపడతారు.

ప్రతి పేరూ సెకనుకు సుమారు పదిసార్లు "నేనున్నాను" అని పిలుస్తుంది. ఒక ఛానల్లో ఐదు డబ్బాలు, డబ్బాకు ఎనిమిది పేర్లు, అంటే సెకనుకు 400 పిలుపులు. విజయవాడ బస్టాండులో నలభై మంది కండక్టర్లు "ఏలూరు, ఏలూరు, ఏలూరు" అని అరుస్తుంటే టిక్కెట్టు అడిగేవాడి గొంతు ఎవరికి వినిపిస్తుంది?

ఈ పిలుపులు ఇంకా నెమ్మదిగా సాగాలంటే కనీస వేగం అన్న గడిలో 1 ఎంబీపీఎస్ టిక్కు తీయకు. అది 1997 నాటి ప్రమాణంలోని వేగం. దాన్ని తీసేసి 12 పెట్టమని సెకండియర్ కుర్రాడు మళ్లీ వస్తాడు. పాతికేళ్ల నాటి ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరైనా పెద్దమనిషి వస్తే ఏం చేస్తావని వాడినే అడుగు. అతిథి మర్యాద మన సంస్కృతి.

5. సెక్యూరిటీ పాతదే పెట్టు.

టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ కనిపిస్తే ఎంచుకో. అది పెట్టగానే కొత్త డబ్బా కూడా 54 ఎంబీపీఎస్ దాటదు. అది తాళం కాదు, గొళ్లెం. కానీ వేగాన్ని మాత్రం గట్టిగా బంధిస్తుంది. కారణం అడిగితే "ఆఫీసులో పాత ప్రింటర్ ఉంది" అను. ప్రతి ఆఫీసులోనూ ఒకటి ఉంటుంది. పాస్‌వర్డ్ కాలేజీ పేరు, ఆపైన 123.

6. డబ్బాని భద్రంగా దాచు.

దొంగల భయమని చెప్పి ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయించు. కుదరకపోతే లిఫ్టు గుంట పక్కన బిగించు, అదీ కాకపోతే నీళ్ల ట్యాంకు వెనక. ఇనుము తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీళ్లు తాగేస్తాయి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గోడలకవతల ఉన్న గంటని తీగ లేకుండా మోగించాడు. నూట ముప్పై ఏళ్ల తర్వాత, ఒక్క గోడ అవతల వాట్సాప్ గంట మోగకుండా ఆపగలుగుతున్నాం. ఇదేం తక్కువ ఘనకార్యం కాదు.

7. సాక్ష్యాలు ముందే సిద్ధం చేసుకో.

తెల్లవారుజామున నాలుగింటికి, పిల్లలంతా పడుకున్నాక, డబ్బా కిందే నిలబడి స్పీడ్ టెస్ట్ చెయ్. స్క్రీన్‌షాట్ తీసి, పైన టైం కనిపించే ముక్క కత్తిరించు. ఏడాదికి అలాంటివి నాలుగు చాలు.

ఫిర్యాదుల రిజిస్టరు తప్పకుండా పెట్టు. నీ బల్ల సొరుగులో. రాయడానికి వచ్చినవాడికి పెన్ను లేదను. పెన్ను తెచ్చుకున్నవాడితో ఫోను మోడలు, మ్యాక్ అడ్రసు, గది నంబరు, వార్డెన్‌గారి సంతకం అడుగు. సంతకం దాకా వెళ్లి తిరిగొచ్చినవాడు నా ఆరేళ్లలో ఒక్కడే. మళ్లీ ఆ సెకండియరే.

మరీ గొడవైతే అన్ని డబ్బాలూ ఒకేసారి రీస్టార్ట్ కొట్టు. లైట్లు ఆరి, వెలిగి, రంగులు మారుతుంటే పనేదో జరుగుతున్నట్టుంటుంది. మిగతాది ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మీద వేసెయ్. వాళ్లూ నీ మీదే వేస్తున్నారు, తప్పులేదు.

8. తనిఖీ బృందం వచ్చే రోజు మాత్రం జాగ్రత్త.

ఆ ఒక్కరోజు గెస్ట్‌హౌస్ డబ్బాకి ఛానల్ 36, వెడల్పు 20, పవర్ మీడియం, ఒకే పేరు పెట్టు. చుట్టుపక్కల డబ్బాలు ఆపెయ్. వీడియో గుక్క తిప్పుకోకుండా నడుస్తుంది. వాళ్లు రిపోర్టులో "అద్భుతం" అని రాసుకుని కారెక్కగానే, గేటు దాటేలోపు పాత సెట్టింగులు వెనక్కి పెట్టు. ఆ రోజు పిల్లలెవరినీ గెస్ట్‌హౌస్ వైపు రానివ్వకు. ఒకసారి బాగా నడిచిన వైఫైని చూసినవాడిని మళ్లీ అదుపు చేయడం కష్టం.

9. ఓపిక పట్టు.

దసరా సెలవులు దాటేసరికి పిల్లలు వైఫై మీద ఆశ వదిలేసి సొంత డేటా ప్యాకులు వేసుకుంటారు. గదికో హాట్‌స్పాట్ మొదలవుతుంది, అవీ అదే 2.4లో. గాలిలో గోల రెట్టింపవుతుంది. నిజంగానే నీ చేతుల్లో ఏమీ ఉండదు, ఆ మాట నువ్వు మొదటిసారి అబద్ధమాడకుండా చెప్పొచ్చు. హాస్టల్ వైఫై వాడేవాళ్లు తగ్గిపోతారు, ఫిర్యాదు చేసేవాళ్లు అంతకన్నా ముందే తగ్గిపోతారు. మార్చిలో వార్షిక నివేదిక అడుగుతారు. యాక్సెస్ పాయింట్లు 40, సిగ్నల్ ఫుల్, ఫిర్యాదులు 0 అని రాసి, ఆ నాలుగు స్క్రీన్‌షాట్లూ అంటించు.

ప్రిన్సిపాల్‌గారు చూసి సంతోషించి, వచ్చే ఏడాది లేడీస్ హాస్టల్ వైఫై కూడా నీకే అప్పగిస్తారు. జీతం అదే. అక్కడా ఛానల్ 4తోనే మొదలుపెట్టు.