దొరలు కట్టే ఊళ్లు

స్కాట్లండులో గోర్డన్ డ్యూకు అనే దొరకు, తన గడీ పక్కనే ఫోకబర్స్ ఊరు ఉండటం కంట్లో నలుసైంది. 1776లో దాన్ని అక్కణ్నుంచి లేపించి, కాస్త దూరంగా కొత్త ఊరికి ముగ్గు పోయించాడు. నడుమ చౌక్, తీగ లాగినట్టు వీధులు. లేపేస్తే లేపేశాడు గానీ, పాపం, బదులుగా ఇంకో ఊరు కట్టించాడు. ఆ తెలివితక్కువ పని మన దొరలెవరూ చెయ్యలేదు.

పాయెగా నవాబులనే చూడండి. నిజాంకు గుర్రపు దళాన్ని సాకమని వాళ్లకు జాగీర్లిచ్చారు. గుర్రాలు మేయగా మిగిలిందేమో, అమీరు వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశాడు. అక్కడ ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చుని భోంచేయొచ్చు. జాగీరు రైతుకు మాత్రం పీట వెయ్యలేదు. చివరికి ఆ మహలు ఆరో నిజాం చేతికి పోయింది. అమీరుగారి పేరు వికారాబాద్‌కు మిగిలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, బోర్డు రద్దు కాలేదు. 2016లో దాన్ని ఏకంగా జిల్లాకే తగిలించాం.

ఇప్పుడా జిల్లాలోనే, దుద్యాల మండలంలో, సర్కారువారికి ఊరు కట్టాలని బుద్ధి పుట్టింది. పేరు ‘ఫార్మా విలేజ్’. స్థలం ఎక్కడంటే లగచర్ల, రోటిబండ తండా చేలల్లో! ఊరివాళ్లు తప్ప అన్నీ ఉండే ఊరు. 2024 నవంబరు 11న ప్రజాభిప్రాయం సేకరించబోతే అది కాస్త గట్టిగానే అందింది. కలెక్టరు మీద చెయ్యి చేసుకోవడం తప్పే, ఎవరు కాదన్నారు? దానికి తండాల్లో పోలీసులు దిగారు, రైతులు జైలుకెళ్లారు. లోపల గుండెనొప్పి వచ్చిన ఒకాయనను బేడీలతోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె ఆగితే ఆగింది, పారిపోతే ఎట్లా?

ఆ నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపే ఇండస్ట్రియల్ పార్కు పేరుతో ఇంకోటి దిగింది. భూమి అదే, బోర్డు మారింది. బోర్డులు రాయించడంలో మనవాళ్లకు నవాబులనాటి అనుభవం.

ఇదే జిల్లాలోని తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సున్నపురాయి మీది ఈ నల్లరేగడిలో పండితేనే ఆ రుచి అని ఢిల్లీవారే ముద్ర గుద్దారు. కాబట్టి పప్పు ఘనత నేలది, నేల సర్కారుది. రైతుది ఏమిటో ఇంకా నోటిఫై కాలేదు.