పుంజుగా పుట్టి ఉంటే

నూజివీడు మామిడితోటల్లో తేలిక బరువు ప్రొఫెషనల్ ఫైటర్లు లేరని ఎవరన్నారు? దివ్యంగా ఉన్నారు. బరువు మూడు నాలుగు కిలోలు. పొద్దున్నే ఈత, ఆపైన వేడినీళ్ల కాపడం, తర్వాత బాదంపప్పు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, కైమా. మేపడానికి ఒకడు, కత్తి కట్టడానికి ఒకడు, ఏ రోజు ఏ దిక్కున దింపాలో చెప్పడానికి కుక్కుట శాస్త్రం వల్లించే పెద్దాయన ఒకరు. డేగ, కాకి, నెమలి, పర్ల అని పేర్లు. ధర వేలల్లో మొదలై లక్ష దాటుతుంది.

సంక్రాంతి వచ్చిందంటే పూత మీదున్న చెట్ల మధ్య బరి లేస్తుంది. ఫ్లడ్ లైట్లు, ఎల్ఈడీ తెరలు, వీఐపీ గ్యాలరీ, కార్లకు పార్కింగ్, పక్కనే బిర్యానీ. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. హైకోర్టు ఆదేశాలున్నాయి. ముందురోజు దాకా మైకుల్లో పోలీసు హెచ్చరికలూ ఉంటాయి. భోగి తెల్లారేసరికి చట్టాలు కూడా పండక్కి అత్తారింటికి వెళ్లిపోతాయి. కనుమ దాటాకే తిరిగొస్తాయి.

ఇప్పుడు అదే తోటలో కాయలు కోసే కూలీ కొడుకు, యాభై కిలోల కుర్రాడు, ‘నేను ప్రొఫెషనల్ బాక్సర్ని అవుతా’ అన్నాడనుకోండి. తండ్రి అడిగే మొదటి మాట ‘తిన్నది అరగట్లేదా?’ తల్లి అడిగేది ‘మూతి పగిలితే పిల్లనెవడిస్తాడు?’ వీధి అరుగు మీది పెద్దమనిషి తీర్పు: ‘ఊళ్లో ట్రిపుల్ ఐటీ పెట్టుకుని గుద్దులాటకి పోతావట్రా?’ ఈ పెద్దమనిషే కనుమనాడు గ్యాలరీలో ముందు వరసలో కూర్చుని డేగ మీద పాతిక వేలు కాస్తాడు. గుద్దులాటంటే ఆయనకి చిరాకు. పొడుచుకోవడమైతే సంస్కృతి.

కుర్రాడు వినలేదు. అసలీ ప్రొఫెషనల్ బాక్సింగ్ ఎలా నడుస్తుందో కనుక్కున్నాడు. తరగతులు 47.6 కిలోల నుంచే మొదలవుతాయి. నాలుగు రౌండ్ల పోటీలతో మొదలుపెట్టి పన్నెండు రౌండ్ల టైటిల్ దాకా ఎక్కాలి. ప్రత్యర్థిని కుదిర్చే ప్రమోటర్ కావాలి, రింగ్ పక్కన డాక్టర్ కావాలి, పోటీ సొమ్ము పెట్టేవాడు కావాలి, టిక్కెట్టు కొనేవాడు కావాలి. ఫిలిప్పీన్స్‌లో మానీ పాక్వియావ్ 1995లో, పదహారేళ్ల వయసులో, తేలిక తరగతి కోసం జేబుల్లో బరువులు వేసుకుని కాటా ఎక్కాడు. తర్వాత ఎనిమిది తరగతుల్లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. జపాన్‌లో 55 కిలోల నవోయా ఇనౌయె 2024 మే 6న టోక్యో డోమ్‌ను 40 వేలమందికి పైగా జనంతో నింపాడు. మనకూ జనానికి కొదవలేదు. కాకపోతే మన జనం రెక్కలున్న వీరుణ్ని చూడటానికే వస్తారు.

తెలుగునాట తేలిక బరువు బాక్సర్లే లేరా అంటే, లేకేం! నిజామాబాద్ ఉంది, విశాఖ ఉంది. విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష 2008లోనే ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చింది. ఆమె పేరు ఎంతమందికి గుర్తుందో మన తోటలో ఒకసారి అడిగి చూడండి. పందెంలో గెలిచిన పుంజు వంశావళి మాత్రం మూడు తరాల వెనక్కి చెబుతారు.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2011లో అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత. విశాఖలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వి. రావు దగ్గర సాన దేరింది. 2017లో భుజం పోయింది, తిరిగి లేచింది. చాలామందికి ఆమె పేరు తెలిసింది మాత్రం 2019లో. ఏం గెలిచిందని? గెలిచినందుకు కాదు, మేరీ కోమ్‌తో సెలక్షన్ ట్రయల్ పెట్టమని క్రీడల మంత్రికి లేఖ రాసినందుకు. సరిజోడుతో పోటీ పెట్టించుకోవడానికి ఏ పుంజూ ఇంతవరకు మంత్రికి అర్జీ పెట్టుకోలేదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది. అప్పుడొచ్చాయి శాలువాలు, 2 కోట్లు, ఇంటి స్థలం. అదే ఏడాది మన సినిమా కూడా రింగులోకి దిగింది. ఏప్రిల్‌లో ‘గని’, ఆగస్టులో మైక్ టైసన్‌ని వెంటబెట్టుకుని ‘లైగర్’. ఆరడుగుల హీరోలు, పలకలు తేలిన పొట్టలు. రెండూ బోల్తా. ఆ ఏడాది రింగులో నిజంగా గెలిచింది యాభై రెండు కిలోల అమ్మాయి. ఆమెకు బిల్డప్ షాట్లు లేవు.

52 కిలోలు ఒలింపిక్ తరగతి కాదు. కాబట్టి 50కి దిగింది, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ విజేత. పారిస్ ఒలింపిక్స్ అయ్యాక కొత్త బరువుల పట్టికలో 51 అన్నారు. ఎక్కడో ఏసీ గదిలో కమిటీ గీత మారిస్తే ఇక్కడ ఒంట్లోంచి కిలో కరగాలి, లేదా పెరగాలి. మన బాక్సర్ హుసాముద్దీన్ పతకాలు తెచ్చిన పురుషుల 57 కిలోల తరగతినైతే ఏకంగా ఎత్తేశారు. ఇష్టముంటే 55, లేదంటే 60.

ఆ పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడింది. బరువు అదుపులో ఉంచుకోవడానికి రెండు రోజులుగా తిండి లేదని, పరుగే పరుగని తర్వాత ఆమే చెప్పింది. భోగికి ముందు మన పుంజు ఏం తింటుందో పైన రాశాను, మళ్లీ చదువుకోండి.

అదే 2024లో తెలంగాణ ఆమెను డీఎస్పీ చేసింది. సంతోషం, ఆమె సంపాదించుకున్న గౌరవం అది. కానీ మన దేశంలో బాక్సింగ్ కెరీర్‌కి ఆఖరి మెట్టు పోలీసు యూనిఫామే. విజేందర్ సింగ్ ఆ యూనిఫామ్ దొరికాకే ప్రొఫెషనల్ అయ్యాడు. తొలి పోటీ 2015 అక్టోబరు 10న, మాంచెస్టర్‌లో. అంటే బాక్సింగ్ మీద బతకాలంటే ముందు ప్రభుత్వోద్యోగం ఉండాలి, తర్వాత విమానం టిక్కెట్టు ఉండాలి. నూజివీడు కుర్రాడి దగ్గర ప్రస్తుతానికి విజయవాడ బస్సు పాస్ ఉంది.

అందుకే నాదొక ప్రతిపాదన. ఈ సంక్రాంతికి అదే బరి, అవే లైట్లు, అదే గ్యాలరీ అద్దెకు తీసుకుందాం. యాభై కిలోల పిల్లల్ని జతలు కట్టి రింగులో దింపుదాం. పుంజుకి పెట్టే మేతలో సగం వాళ్లకి పెడదాం. డాక్టరుంటాడు, రిఫరీ ఉంటాడు, చట్టం ఎక్కడికీ పారిపోనక్కర్లేదు. పైసా అక్రమం లేదు.

ఇక్కడే తిరకాసు. అక్రమం లేకపోతే వీఐపీ రాడు. గ్లవ్‌కి కత్తి కట్టనివ్వరు కాబట్టి గ్యాలరీ నిండదు. ఓడినవాణ్ని, ఓడిన పుంజులా, కోజ కింద వండుకోవడం కుదరదు కాబట్టి గెలిచినవాడి వెనక ఉన్నవాళ్లకి గిట్టుబాటు లేదు. ఓడిన కుర్రాడు వచ్చే ఏడు మళ్లీ బరిలోకొస్తానంటాడు, వాడికి మళ్లీ తిండి పెట్టాలి. ఇంత నష్టజాతకపు ఆటకి మన పెద్దమనుషులు డబ్బు పెడతారా? డేగ మీదైతే మూడు నిమిషాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది.