పంచదిన ప్రణాళిక

దేశానికి ప్రణాళికా సంఘం అక్కర్లేదని తేల్చేసి 2015లో దాని కుర్చీలో నీతి ఆయోగ్‌ను కూర్చోబెట్టారు. సంఘం పోయిందిగానీ ప్రణాళిక పోలేదు. అది మధ్యతరగతి ఇళ్ళలోకి కాపురం మార్చి, విదేశీ బీచ్ ప్రయాణాల శాఖను చేతిలోకి తీసుకుంది. ఢిల్లీలో ఐదేళ్ళకు వేసేవారు, ఇక్కడ ఐదు రోజులకు వేస్తున్నారు. ఇంటాయన అధ్యక్షుడు. ఆర్థిక శాఖ ఇల్లాలిది. ఏ దీవికి వెళ్ళాలో తేల్చే విదేశాంగ శాఖ రీల్స్ చూసే పిల్లలది. సమావేశాలు వాట్సాప్ గ్రూపులో, తీర్మానాలు ఎక్సెల్ షీటులో. 2024లో థాయ్‌లాండ్ వెళ్ళిన భారతీయులు 20 లక్షలు దాటారంటే ఇలాంటి షీట్లు ఎన్ని తయారయ్యాయో ఊహించుకోవచ్చు. 2025 జనవరి చివర్లో శంషాబాద్ నుంచి ఫుకెట్‌కు నేరుగా విమానం మొదలయ్యాక తెలుగు షీట్లలోనూ ఆ పేరు బాగానే వినిపిస్తోంది. గంటగంటకూ ఒక గడి, గడిగడికీ ఒక రంగు, రంగురంగుకీ ఒక ఖర్చు. సముద్రంలో దిగడానికి మాత్రం గడి ఉండదు. ఇది పొరపాటున జరిగేది కాదు. టైమూ డబ్బూ రెండూ తక్కువైనప్పుడు మనం డబ్బును కాపాడుకోవడానికి టైమును అమ్ముకుంటాం. కానీ ఇలాంటి ప్రయాణంలో ఆ రెండింటిలో ఖరీదైన సరుకు టైమే.

ముందు సెలవు సంగతి చూద్దాం. వీసా లేకుండా వచ్చి 60 రోజులు ఉండొచ్చని 2024 జులైలో థాయ్‌లాండ్ ప్రభుత్వం మనవాళ్ళకు చెప్పింది. మన మేనేజర్లకు అంత పెద్ద మనసు లేదు. శని, ఆదివారాలు కలుపుకుని ఐదు రోజులు వెళ్ళి రండి, ల్యాప్‌టాప్ మాత్రం మరిచిపోకండి అన్నారు. ఒక రాజ్యం ఇచ్చిన అనుమతి కన్నా టీమ్ లీడర్ ఇచ్చిన అనుమతి పెద్దదని అక్కడే తేలిపోయింది. ఆ ఐదింటిలో మొదటి రోజు ఏమవుతుంది? ఇంటి నుంచి శంషాబాద్‌కు గంటో గంటన్నరో. విమానానికి మూడు గంటల ముందు హాజరు. గాలిలో నాలుగు గంటలకు కాస్త అటూఇటూ. దిగగానే గడియారం గంటన్నర ముందుకు తిప్పాలి. ఇమ్మిగ్రేషన్ వరుస దాటాక పటాంగ్ బీచ్ దాకా ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. హోటల్లో గది చేతికిచ్చేది మధ్యాహ్నం 2 దాటాకే. చివరి రోజు 12 కల్లా ఖాళీ చేసి, సామాను రిసెప్షన్‌లో పెట్టి, వ్యాను కోసం ఎదురుచూడాలి. ఐదు పగళ్ళ ప్యాకేజీలో మిగిలిన పగళ్ళు మూడు. తక్కిన రెండూ విమానాశ్రయాలవి.

ఆ మూడింటినైనా ప్రణాళిక వదిలిపెడుతుందా? ఒక రోజు ఫిఫి దీవులకు స్పీడ్‌బోటు. అందులో ముఖ్య ఆకర్షణ మాయా బే. 2000లో వచ్చిన లియొనార్డో డికాప్రియో సినిమా ‘ది బీచ్’ పుణ్యమా అని జనం విరగబడితే పగడాలు దెబ్బతిని, 2018 జూన్‌లో దాన్ని మూసేశారు. మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు పడవలు వెనక వైపునే ఆగాలి, చెక్కబాట మీద నడిచి వెళ్ళాలి, ఈత నిషిద్ధం. ప్రపంచంలోకెల్లా పేరున్న బీచ్‌కి వెళ్ళి పాదాలు తడుపుకుని రావడం అన్నమాట. పగడాలకు అది న్యాయమే, తప్పుపట్టడానికి లేదు. రెండో రోజు జేమ్స్ బాండ్ ఐలాండ్. 1974 నాటి సినిమాలో ఒక రాయి కనిపించింది కనుక ఆ రాయిని చూడాలి. దాని దగ్గరికి పడవలు వెళ్ళకూడదు, దూరం నుంచే దణ్ణం. మూడో రోజు సిటీ టూరు. వాట్ చలాంగ్ గుడిలో అరగంట, ఆ తర్వాత రత్నాల షోరూమ్‌లో గంట, జీడిపప్పు కార్ఖానా దుకాణంలో మరికాసేపు. పలాస ఉన్న తెలుగునేల నుంచి సముద్రాలు దాటి వెళ్ళి జీడిపప్పు రుచి చూసి రావడాన్ని అంతర్జాతీయ వాణిజ్యం అనాలేమో. పోనూ పోయి రానూ వచ్చిన సింగడికి అద్దంకి ప్యాకేజీ అమ్మింది ఈ టూరు అమ్మిన ఏజెంటే అయి ఉండాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. నలుగురి కుటుంబానికి టికెట్లు, హోటలు, పడవలు, తిండి అన్నీ కలిపి రెండున్నర లక్షలు అయ్యాయనుకుందాం. ఆ మూడు రోజుల్లో తొందర లేకుండా ఇసుక మీదో నీళ్ళలోనో గడిపినవి ఐదు గంటలనుకుందాం. అంటే ఆ ఇంటికి సముద్రం గంటకు 50,000 రూపాయలు పడింది. అదే ఇంటి ఆర్థిక శాఖ, నేరుగా వెళ్ళే విమానం కన్నా దారిలో మారే విమానంలో 12,000 మిగులుతున్నాయని ఎనిమిది గంటలు ఏదో ఎయిర్‌పోర్టు కుర్చీలకు రాసిచ్చింది. గంటను 1,500కు అమ్మి 50,000కు కొనుక్కునే వ్యాపారం పంచవర్ష ప్రణాళికల కాలంలో కూడా జరిగి ఉండదు. పైగా దీన్ని పొదుపు అంటారు. యాభై బాత్‌ల కోసం టుక్‌టుక్ డ్రైవరుతో ఇరవై నిమిషాలు వాదించడం, ఉచిత అల్పాహారం వదులుకోలేక ఎండెక్కేదాకా హోటల్లోనే ఉండిపోవడం, ఇవీ ఆ పొదుపులో భాగాలే.

టైము ఖర్చు లేకుండా డబ్బు మిగిల్చే చోట్లు నిజంగానే ఉన్నాయి, కానీ షీటులో వాటికి గడి దొరకదు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్ళేవారు డిజిటల్ అరైవల్ కార్డు ముందే నింపాలి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ప్రభుత్వ సైటులో నింపవచ్చు, పైసా రుసుము లేదు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు మాత్రం డబ్బు గుంజుతాయి. దుకాణంలో కార్డు గీకితే రూపాయల్లో కడతారా, బాత్‌ల్లో కడతారా అని మెషీను అడుగుతుంది. స్వదేశాభిమానం పొంగి రూపాయలు నొక్కినవాడు ఆ మెషీను చెప్పిన మారకం రేటుకు తల వంచాల్సిందే. బాత్‌లు నొక్కడమే తెలివి. మన కార్డుల్లో చాలావాటికి విదేశీ వాడకం మీద మూడున్నర శాతం దాకా అదనపు వడ్డన ఉంటుంది, అది లేని కార్డులూ ఉన్నాయి. విదేశీ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసిన ప్రతిసారీ 200 బాత్‌ల పైన పోతుంది గనుక నాలుగుసార్లు తీసేది ఒక్కసారే తీసుకోవాలి. ఫిఫి జాతీయ పార్కులో విదేశీ పెద్దలకు 400 బాత్‌ల రుసుము ఉంది, అంటే వెయ్యి రూపాయల పైమాటే. స్థానికులకు అందులో చిన్న వంతే. ఇది అన్యాయమని గొంతు చించుకునేముందు తాజ్‌మహల్ దగ్గర మనకు 50, విదేశీయుడికి 1,100 అని రాసిన బోర్డును తలుచుకుంటే కోపం దానంతటదే దిగుతుంది.

ఇక క్యాలెండరు. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌కు నైరుతి రుతుపవనాలు మే నుంచి అక్టోబరు దాకా, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన జోరు. అలలు లేచిన రోజుల్లో బీచ్‌ల మీద ఎర్రజెండా పాతుతారు. జెండా ఉన్నచోట నీళ్ళలో దిగిన పర్యాటకులు ప్రాణాలు పోగొట్టుకున్న ఏడాదులు చాలా ఉన్నాయి. మన బడులకు సెలవులెప్పుడు? ఎండాకాలంలో ఒకసారి, దసరాకు ఒకసారి. సరిగ్గా ఎర్రజెండా ఎగిరే వేళకే మనకు తీరిక. ఆగస్టు, సెప్టెంబరుల్లో మాయా బే పగడాలకు కూడా సెలవే. సముద్రం అద్దంలా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లలకు ఇంటర్, పదో తరగతి పరీక్షలు. మిగిలింది సంక్రాంతి, అప్పుడు హోటళ్ళ ధరలు గాలిపటాల కన్నా పైన ఎగురుతాయి. ప్రకృతికీ ఇంటర్మీడియట్ బోర్డుకూ మధ్య ఏదో ఒప్పందం ఉందని అనుమానించడంలో తప్పులేదు. అలాంటప్పుడు చేయదగ్గది ఊరు పేరు ముందు ఖాయం చేసుకుని నెల వెతుక్కోవడం కాదు, చేతిలో ఉన్న నెలను చూసి ఒడ్డును ఎంచుకోవడం. వేసవి సెలవులే దిక్కయితే థాయ్‌లాండ్‌కే తూర్పున గల్ఫ్ వైపున్న సముయి దీవి ఉంది. వియత్నాంలోని డానాంగ్‌కు అది పొడి కాలం. శ్రీలంకలోనూ అప్పుడు పడమటి ఒడ్డు తడిస్తే తూర్పున ట్రింకోమలీ ఎండలో ఉంటుంది.

నెల తర్వాత చూడాల్సింది విమానాశ్రయానికీ ఇసుకకూ మధ్య దూరం. ఏ బ్రోచరూ చెప్పని కొలత ఇదే. డానాంగ్ విమానాశ్రయం ఊళ్ళోనే ఉంది, మీ ఖే బీచ్ పావుగంట, ఇరవై నిమిషాల దారి. అక్కడికి ఈ-వీసాకు 25 డాలర్లు కట్టాలి, దారిలో విమానం మారాల్సి రావచ్చు, అవన్నీ కూడా లెక్కలో వేసుకోవలసిందే. ట్రింకోమలీ ఎంత బాగున్నా కొలంబోలో దిగాక దాదాపు ఒక పగలు రోడ్డు మీదే పోతుంది, ఐదు రోజులవాడికి అది భారం. ఫుకెటే కావాలంటే విమానాశ్రయం పక్కనే నై యాంగ్, మై ఖావో బీచ్‌లున్నాయి. అక్కడ దిగినవాడు పటాంగ్ దాకా వెళ్ళి వచ్చే రెండు మూడు గంటలు మిగుల్చుకుంటాడు. వాటి గొడవ బ్రోచరులో ఎందుకు ఉండదంటే, అక్కడ అమ్మడానికి సముద్రం తప్ప ఇంకేమీ లేదు. సముద్రం మీద కమిషన్ రాదు.

దీనికి మొదటి అభ్యంతరం ఇంట్లోనే లేస్తుంది. ఇంత ఖర్చు పెట్టి వెళ్ళాక అన్నీ చూడొద్దా, మళ్ళీ ఎప్పుడొస్తాం అని. మళ్ళీ రాకపోవచ్చు, నిజమే. ఒక్కసారే వెళ్ళేవాడికి ఆ ఒక్కసారీ జ్ఞాపకం ఉండాలి కదా. ఆరు దీవుల దగ్గర ఒక్కో దానికి నలభై నిమిషాలు ఆగి, లైఫ్ జాకెట్ కట్టుకోవడం, విప్పుకోవడంలోనే సగం గడిపినవాడికి ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ దీవిదో చెప్పడం కష్టం. అన్నీ చూడాలన్న ఆశ తప్పు కాదు, ఐదు రోజుల్లో చూడగలమన్న నమ్మకమే తప్పు. రెండో అభ్యంతరం బరువైనది. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో, భాష తెలియని చోట, శాకాహారం దొరుకుతుందో లేదో తెలియని చోట ప్యాకేజీయే క్షేమం కదా అని. ఒప్పుకోవాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకు వ్యాను ఇంటి ముందుకు రావడం వరమే. అయితే ప్యాకేజీ కొన్నంతమాత్రాన అందులోని ప్రతి గంటా మింగాలని ఏ చట్టంలోనూ లేదు. విమానం, హోటలు, ఎయిర్‌పోర్టు వ్యాను, ఒక్క పడవ ప్రయాణం ఉంచి సిటీ టూరు తీసేయమని అడగవచ్చు. ప్యాకేజీ మీద టీసీఎస్ పేరిట కోసిన పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. రత్నాల షోరూమ్‌లో కోసిన గంటకు ఏ రిటర్నూ లేదు.

మూడో అభ్యంతరం దేశభక్తుల నుంచి. వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌ను పక్కనబెట్టుకుని సముద్రం కోసం పరదేశం వెళ్ళాలా అంటారు. సూర్యలంక, రుషికొండ, భీమిలి ఉన్నాయి, ఎవరూ కాదనరు. అసలు ఫుకెట్ ఒడ్డున ఉన్న అండమాన్ సముద్రానికి పడమటి గట్టు మన అండమాన్ దీవులే. అక్కడికి వీసా వద్దు, అరైవల్ కార్డూ వద్దు, అంతా రూపాయల్లోనే. బహుశా అందుకే ఆఫీసులో ఎవరూ ఫొటోలు చూపించమనరు. కానీ ఈ వాదం ఎక్కడికెళ్ళాలో చెబుతుంది తప్ప ఎలా వెళ్ళాలో చెప్పదు. విశాఖకు మూడు రోజులు వెళ్ళి అరకు, బొర్రా, సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం చుట్టబెట్టి, సముద్రాన్ని కారు అద్దంలోంచి చూసి వచ్చేవారికి కొదవ లేదు. ఈ జబ్బు పాస్‌పోర్టుతో వచ్చింది కాదు, దాంతో పోయేదీ కాదు. మార్కుల కోసం చదివిన జాతి మార్కుల కోసమే తిరుగుతోంది.

కాబట్టి తీర్పు ఇది. చేతిలో ఐదు రోజులుంటే అవి మూడని ముందే ఒప్పుకోండి. ఒక్క ఒడ్డు, ఒక్క హోటలు, ఒక్క పడవ ప్రయాణం చాలు. మిగిలిన పూటలను షీటులో ఖాళీగా వదిలేయండి, ఖాళీ గడి చూసి భయపడకండి. డబ్బు మిగల్చాలంటే ఒక స్టారు తక్కువ హోటల్లో దిగండి, సెలవుల తొలివారం వదిలి వెళ్ళండి, గంటలను మాత్రం అమ్మకండి. ఏజెంటుకు అడ్వాన్సు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ ప్యాకేజీలో మేము సముద్రంలో ఉండేది మొత్తం ఎన్ని గంటలు? ఆయన చెప్పే జవాబు రత్నాల షోరూమ్‌కు కేటాయించిన సమయం కన్నా తక్కువైతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.