కరెంటు గుర్రం మీద పదిహేను రూపాయలు

మలక్‌పేటలో ఉండేవాడికి పందెం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1886లో గుర్రప్పందేలు మౌలాలి నుంచి మా పేటకు తరలివచ్చినప్పటి నుంచీ ఆ విద్య ఇక్కడి గాలిలోనే ఉంది. రేస్‌కోర్సు దగ్గర చాయ్ బండి ముందు కాసేపు నిలబడితే చాలు, జాకీ బరువు నుంచి గుర్రం తాతముత్తాతల దాకా అన్నీ తెలిసిన పెద్దమనుషులు తగులుతారు. ఇంటికి పోవడానికి బస్సు చార్జీ తప్ప వాళ్ల దగ్గర లేనిది ఉండదు. అలాంటి ఒకాయన ఒకసారి నాకు చెప్పాడు: "అన్ని గుర్రాల మీద కాసేటోడు ఎన్నడు గెలవడు బిడ్డా. కానీ ఓడిపోయిన అని గూడ ఎన్నడు ఒప్పుకోడు."

పాపం, ఆ పెద్దాయన చాయ్ బండి దగ్గర ఉచితంగా పంచిన సూత్రం మీదే మన దేశంలో అతి పెద్ద కార్ల వ్యాపారం నడుస్తోంది.

2030 నాటికి భారతదేశంలో ఏమేం అమ్మబోతున్నారో మన మారుతి వెనకున్న సుజుకీ వాళ్లు 2023 జనవరిలో లెక్క చెప్పారు. నూటికి 15 కరెంటు కార్లు, 25 హైబ్రిడ్లు, మిగతా 60 మామూలు ఇంజిన్లే. సీఎన్‌జీ, బయోగ్యాస్, ఇథనాల్ అన్నీ ఆ అరవైలోనే సర్దుకోవాలి. మా పేట లెక్కలో అయితే జేబులో వంద రూపాయలున్నాయి. అరవై ముసలి గుర్రం మీద, ఇరవై అయిదు కంచరగాడిద మీద, పదిహేను కొత్త గుర్రం మీద. దీన్ని కంపెనీల భాషలో 'మల్టీ పాత్‌వే' అంటారు. తెలుగులో గోడ మీద పిల్లి వాటం అంటారు. రెండో మాట చెప్పడానికి కన్సల్టెంటు అక్కర్లేదు కాబట్టి దానికి విలువ తక్కువ.

ఆ పదిహేను రూపాయలైనా జేబులోంచి ఎంత తీరిగ్గా బయటికొచ్చాయో చూడండి. 2017 నవంబరులో సుజుకీ, టయోటా చేతులు కలిపి, 2020 ప్రాంతంలో ఇక్కడ కరెంటు కార్లు తెస్తామన్నాయి. 2018లో యాభై వ్యాగన్‌ఆర్ కరెంటు బండ్లను రోడ్ల మీద తిప్పి పరీక్షలు మొదలుపెట్టారు. 2020 వచ్చింది. దాంతో పాటు కరోనా కూడా వచ్చింది. కారు మాత్రం రాలేదు. అదే ఏడాది జనవరిలో టాటా వాళ్లు నెక్సాన్ ఈవీని అమ్మకానికి పెట్టేశారు. టాటా మోటార్స్ నిన్న పుట్టిన కంపెనీ ఏమీ కాదు, 1945లో రైలింజన్లు చేయడానికి మొదలైన సంస్థ. బొగ్గు ఇంజిన్ దగ్గర బయలుదేరినవాళ్లు కరెంటు దాకా రాగలిగితే, పెట్రోలు దగ్గర బయలుదేరినవాళ్లకు దారిలో ఏం అడ్డమొచ్చిందో మరి.

చివరికి సుజుకీ కరెంటు కారు ఈ-విటారా 2024 నవంబరులో మిలాన్‌లో ముఖం చూపించింది. 2025 ఆగస్టు 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్ ఫ్యాక్టరీలో ప్రధాని జెండా ఊపారు. వందకు పైగా దేశాలకు ఎగుమతి అన్నారు. మన షోరూము గుమ్మం తొక్కకముందే ఆ కారు యూరప్ ఓడెక్కింది. ఇల్లంతా ఘుమఘుమలాడేలా వండి, ఇంట్లోవాళ్లను వాసన చూసి తృప్తిపడమని, గిన్నె పొరుగింటికి పంపినట్టు. ఈలోగా, 2030 నాటికి ఆరు కరెంటు మోడళ్లన్న మాట 2025 ఫిబ్రవరి ప్రణాళికలో నాలుగైంది.

ఎందుకింత నిదానం అంటే కారణాలు మూడు వినిపిస్తాయి. ధర ఎక్కువ, చార్జర్లు తక్కువ, మన కరెంటు బొగ్గు నుంచి వస్తుంది. మూడూ నిజాలే. అబద్ధం ఆడేవాణ్ని పట్టుకోవచ్చు, నిజాన్ని దుప్పటిలా కప్పుకుని పడుకున్నవాణ్ని లేపడమే కష్టం. ముఖ్యంగా ఆ మూడోది. నలభై ఏళ్లుగా పెట్రోలు బండ్లు అమ్మినంతకాలం కంటికి ఆనని పొగ, కరెంటు కారు పేరెత్తగానే రామగుండం గొట్టంలోంచి వస్తూ కనబడింది. సరే, బొగ్గు వద్దు, మరేది ముద్దు? పేడ. గుజరాత్‌లో పాడి రైతుల సంఘాలతో కలిసి సుజుకీ వాళ్లు పేడ నుంచి కార్లకు గ్యాస్ తీసే పనిలో ఉన్నారు. మంచి పనే, మా తాత కూడా గోబర్ గ్యాస్ మీద చాయ్ కాచుకునేవాడు. కాకపోతే చార్జర్ పెట్టుకోవడానికే సెల్లార్‌లో జాగా దొరకని దిల్‌సుఖ్‌నగర్‌వాడికి ఈ పేడ కథ ఎప్పటికి అక్కరకొస్తుందన్నదే ప్రశ్న.

విన్నది చాలు, కళ్లతో చూద్దామని ఆ మధ్య మెట్రో స్తంభాల పక్కనున్న ఒక షోరూముకు పోయాను. ఏ కంపెనీదో అడగకండి. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు.

"ఒక్కసారి చార్జ్ చేస్తే ఐదొందల కిలోమీటర్లు పోతది సార్."

"ఏసీ వేస్తే?"

"కొంచెం తగ్గుతది సార్."

"మే నెల, మిట్టమధ్యాహ్నం, ఎల్బీ నగర్ చౌరస్తా, లోపల అయిదుగురం, ఏసీ ఫుల్లు?"

కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. "మీరు హైబ్రిడ్ తీస్కోండి సార్."

ఆ అంకె అతను కల్పించింది కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, పుస్తకంలో రాసిన వేగంతో తిప్పితే వచ్చే అంకె అది. ఆ పుస్తకంలో చాదర్‌ఘాట్ లేదు. టాటా వాళ్లు ఇప్పుడు పరీక్ష అంకె పక్కనే మామూలు మనిషికి వచ్చే అంకె కూడా చెబుతున్నారు. కర్వ్ ఈవీకి పరీక్షలో 585, రోడ్డు మీద 400 నుంచి 425. మొదటిది పెళ్లిచూపుల ఫోటో, రెండోది ఆధార్ కార్డు ఫోటో. కాపురం చేయాల్సింది రెండోదానితోనే.

బ్యాటరీ తడిస్తే ఎలా అంటే 'ఐపీ67' అన్నాడు కుర్రాడు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క దిగదన్నమాట. భేష్. కానీ వాన పడితే మా మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లు ఎంత నిలుస్తాయో, ట్రాఫిక్ ఎంతసేపు నిలుస్తుందో ఆ అరగంట పెట్టినవాళ్లకు తెలియదు పాపం.

ఈ నాన్చుడు రోగం మన దేశానిదే అనుకుని సిగ్గుపడకండి. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో మొక్కుకునేవాళ్లు కోరిక తీరాక మొక్కు చెల్లిస్తారు. దొరల కంపెనీలు మొక్కులోనే మెలిక పెట్టుకుంటాయి. 2030 నాటికి అంతా కరెంటే అన్న మెర్సిడెస్, 2021లోనే 'మార్కెట్ అనుకూలించిన చోట' అని తోక తగిలించి, 2024లో ఆ తోక పట్టుకుని వెనక్కొచ్చింది. తోక లేకుండా ప్రతిజ్ఞ చేసిన వోల్వో కూడా అదే ఏడాది సెప్టెంబరులో మెత్తబడింది. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ 2025 నుంచి పూర్తిగా కరెంటేనని చెప్పి, 2024 నవంబరులో ఒక ప్రకటన విడుదల చేసింది. అందులో రంగులున్నాయి, మనుషులున్నారు, కారు లేదు. పెళ్లి వీడియోలో పెళ్లికొడుకు తప్ప అందరూ కనబడ్డట్టు.

నాకూ అనుమానాలు లేకపోలేదు. సెల్లార్‌లో చార్జర్ అంటే మా అసోసియేషన్ సెక్రటరీ "మీకిస్తే అందరూ అడుగుతరు" అంటాడు. సంక్రాంతికి విజయవాడ పోతూ పంతంగి టోల్‌గేటు దగ్గర చార్జ్ అయిపోతే నా గతేమిటని నేనూ రాత్రిళ్లు ఆలోచించాను. కానీ అదే విజయవాడ రోడ్డు మీద 2023 మే నుంచి ఆర్టీసీ ఈ-గరుడ కరెంటు బస్సులు నడుపుతోంది. నష్టాల్లో ఉందని అందరూ జాలిపడే ఆర్టీసీకి ఉన్న ధైర్యం, లాభాల్లో ఉన్న కార్ల కంపెనీకి లేదు. సర్కారు కూడా తన వంతు వదులుకుంది. జీఎస్టీ అయిదు శాతమే. 2026 డిసెంబరు 31 దాకా తెలంగాణలో కరెంటు బండికి రోడ్డు ట్యాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ మాఫీ.

మరి అసలు భయం దేనికి? కరెంటు కారుకు ఇంజిన్ ఆయిల్ లేదు, ఆయిల్ ఫిల్టరు లేదు, క్లచ్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, సైలెన్సర్ లేదు. అంటే సర్వీసింగ్ బిల్లులో సగం పంక్తులు లేవు. ఆ బిల్లు మీద బతికే షోరూములు, ఇంజిన్ల మీద పోసిన వేల కోట్లు, వాటి లాభం చివరి బొట్టు దాకా పిండుకోవాలి. అంతదాకా మన క్షేమం గురించి అనుమానపడుతూ ఉంటారు. అనుమానం కంపెనీది, ఆలస్యం మనది.

తమాషా ఏమిటంటే, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందినప్పుడు, ఈ అగ్గిపెట్టె మన గుంతల రోడ్లకు ఆగుతుందా అని అంబాసిడర్ పెద్దలు నవ్వుకున్నారు. ఆ పెద్దల అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. అగ్గిపెట్టె ఇప్పుడు తానే పెద్దమనిషై అరుగు మీద కూర్చుంది. గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా మలక్‌పేట ఆర్టీవో ఆఫీసు ముందు ఇప్పుడు ఆకుపచ్చ నంబరు ప్లేట్లు ఒకటీ అరా కనబడుతూనే ఉన్నాయి. పదిహేనా, ఇరవయ్యా, కొంచెం పెంచుదామా అని పందెం కిటికీ ముందు నోట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ పెద్దకంపెనీకి రేస్‌కోర్సు పక్కవాడిగా ఒక్క మాట చెప్పాలి. గుర్రాలు గేటు దాటగానే ఆ కిటికీ మూసేస్తారు సారూ.